గ్లాసు నిండా నురగ

స్టెల్లా, బాగున్నావామ్మా? చంటిదానికి దగ్గు తగ్గిందా? మీ నాన్నగారి కాలి వాపు ఎలా ఉంది? మీ అమ్మగారు అన్నం తింటున్నారా? నాకైతే కంటిమీద కునుకు లేదు.

కాలేబు తాగుడు పడలేక నువ్వు పుట్టింటికి వెళ్లాక, వాడు వంటింట్లోనే బీరు తయారుచెయ్యడం మొదలెట్టాడు. స్టీలు పీపా, దానికి గ్యాసు బండ, గొట్టం, కుళాయి. ఈ బహ్రెయిన్‌లో ఎవరికైనా తెలిస్తే ఉద్యోగం పోతుందేమోనని నాకు ఒకటే దడ.

కుళాయి తిప్పితే గ్లాసు నిండా నురగే. “గొట్టం పొట్టిదయిందే అమ్మా” అని పొడుగుది తెచ్చాడు. మళ్లీ నురగే. గ్యాసు మీటరు ముల్లు చూస్తే తను పెట్టినచోటే ఉంది.

“ఒరేయ్, ఆ గొట్టం మీదున్న శ్రద్ధ పెళ్లాం మీద పెట్టరా” అన్నాను.

నిన్న “ఖలాస్, ఇక నావల్ల కాదు” అని పీపా అంతా సింకులో పారబోశాడు. కాసేపు పిల్ల ఫొటో చూసుకుని, నీకు టిక్కెట్టు తీశాడు.

వాడు డ్యూటీకి వెళ్లగానే ఆ బండ మర తిప్పి గ్యాసు పెంచింది నేనేనమ్మా, ఎక్కువ గ్యాసు బీరులోకి ఎక్కితే అంతా నురగే. బండ పేలుతుందేమోనని భయపడుతూనే పెంచి, వాడొచ్చేలోపు మళ్లీ తగ్గించేదాన్ని. రేపు బయటికెళ్లి తాగితే తిప్పడానికి నా చేతిలో ఏ మరా లేదు.

టిక్కెట్టు డిసెంబరు పన్నెండు, శుక్రవారానికి. వచ్చెయ్యి తల్లీ.