ఆకురాయి గీతలు

ఎలక్ట్రీషియన్ గుద్దిన గుద్దుకు ఆపరేటర్ మిక్సర్ పక్కన వెల్లకిలా పడ్డాడు. పెదవి చిట్లి నెత్తురు కారింది.

“మా తమ్ముడి చెయ్యి లోపల నలుగుతుంటే, స్టాప్ నొక్కకుండా గుడ్లప్పగించి చూశావురా?”

“నొక్కాను బావా. మూడుసార్లు నొక్కాను. ఆగలేదు.”

“చెల్లెలి మొగుడివని వదిలేస్తాననుకోకు.” పానా పైకెత్తాడు.

“ముందు నీ ప్యానెల్ తెరిచి చూడు. అబద్ధమైతే అప్పుడు చంపు.”

వాడి నోరు మూయించడానికే తెరిచాడు. మోటారుకు కరెంటు కలిపే కాంటాక్టర్ మూత ఊడదీశాడు. స్టాప్ నొక్కగానే కాయిల్‌కు కరెంటు పోవాలి, స్ప్రింగు కాంటాక్టులను విడదీయాలి, మోటారు ఆగాలి. మెయిన్ తీసేసి గంటైనా ఆ కాంటాక్టులు ఇంకా అతుక్కునే ఉన్నాయి.

స్క్రూడ్రైవరుతో పెకలించాడు. పైన వెండి పొర ఉండాల్సిన చోట ఎర్రటి రాగి కరిగి అంటుకుంది. కరగని అంచు మీద సన్నటి గీతలు.

ఆకురాయి గీతలు.

నల్లబడితే నల్లబడనీ, వెండిని మాత్రం గీకొద్దు, అది పోతే కింది రాగి కరిగి అతుక్కుపోతుందని పని నేర్పిన మేస్త్రీ చెవినిల్లు కట్టుకుని చెప్పాడు. పోయిన వారం, తళతళలాడాలని ఆ వెండినంతా అరగదీసింది తనే.

“ఏం కనపడింది బావా?”

ఎలక్ట్రీషియన్ వచ్చి ఆపరేటర్ చేతిలో పానా పెట్టి, ఎదురుగా మోకాళ్ల మీద కూలబడ్డాడు.

“ఎన్నిసార్లు నొక్కానన్నావు?”

“మూడు.”

“మూడూ కొట్టు.”