పిన్నిగారి ఫిర్యాదు పుస్తకం

ఏడాదిగా ప్రతి ఆదివారం మా బైకుల ట్రాక్ నడిచిందని రుజువు చూపిస్తేనే అనుమతి పొడిగిస్తానన్నాడు మున్సిపల్ ఆఫీసరు. లేదంటే ఆ స్థలంలో అపార్ట్‌మెంట్లు లేస్తాయి. నాకేమో మట్టి గుట్టల మీంచి బైకులు ఎగిరించడమే తెలుసు గానీ, కాగితం ముక్క దాచడం తెలీదు.

అప్పుడే మా ట్రాక్ పక్కింటి పిన్నిగారు ఆఫీసు గదిలోకి దూసుకొచ్చి, బల్ల మీద నోటుపుస్తకం విసిరారు.

"చదవండి బాబూ! వీడి బైకుల మోతకి నా చెవులు చిల్లులు పడ్డాయి. బట్టలు ఆరేస్తే ఒకటే దుమ్ము!"

యాభై రెండు ఆదివారాలు. ప్రతిదానికీ తేదీ, టైము, ఓ తిట్టు.

ఆఫీసరు ఓపిగ్గా చివరిదాకా చదివాడు. "ఇంతకన్నా రుజువేం కావాలి?" అంటూ నా కాగితం మీద ముద్ర గుద్దాడు.

మెట్లు దిగుతుంటే నాకు నవ్వాగలేదు. "పాపం పిన్నిగారూ! నా ట్రాక్ మూయించబోయి నిలబెట్టేశారు."

"నోర్ముయ్ వెధవా! అపార్ట్‌మెంట్లు కడితే రెండేళ్లపాటు రోజూ మోతే. నువ్వైతే వారానికి ఒక్కరోజేగా చంపేది?" అన్నారావిడ. "వానలకి నువ్వు ట్రాక్ మూసేసిన మూడు ఆదివారాలకీ తిట్లు కల్పించి రాయలేక నా ప్రాణం పోయింది."