చుట్టకు చాలినంత దూరం

అందరి కళ్లకీ దూరపు అద్దాలు అతికించేశాక, సముద్రం మీద ఈగ వాలినా ఒడ్డునున్నవాళ్లకు అరచేతిలో ఉన్నట్టే కనబడుతోంది. ఆ అద్దాలకు లొంగనిది ఒక్క భూమి గుండ్రదనమే. అందుకని, ఎంత ఎత్తు నుంచి చూస్తే ఎంత దూరం కనబడుతుందో ఆ రేవులో మొగుళ్లందరికీ వర్గమూలాలతో సహా నోటికి వచ్చేసింది.

జాలరి మసేనుకు ఒక ఊపిరితిత్తి తీసేశారు. ఇక చుట్ట ముట్టనని భార్య కాసులమ్మకు మాటిచ్చాడు. మాట మాటే, చుట్ట చుట్టే.

ఒడ్డున నిలబడితే ఆమె చూపు నాలుగున్నర కిలోమీటర్లు పోతుంది, మేడెక్కితే పదకొండు. ఎందుకైనా మంచిదని పడవను పన్నెండో కిలోమీటరు దాకా తోలి, తీరిగ్గా ముట్టించాడు.

చెవిలో ఫోను మోగింది. "ఏటి మావా, ఆ నోట్లోది?"

ఆమె ఎత్తు లెక్కేశాడు గానీ, నీళ్ల పైన తన తలకాయకీ కొంత ఎత్తుందన్న సంగతి మరిచిపోయాడు.

"చేపముల్లు ఒలే! పళ్లు కుట్టుకుంటన్నాను," అని చుట్ట నీళ్లలో పారేశాడు.

మర్నాడు తన ఎత్తూ కలుపుకుని పదహారు దాకా పోయాడు. పడవలో చతికిలబడి, ముట్టించి, కళ్లు మూసుకున్నాడు. గాలన్నది లేదు. మళ్లీ ఫోను.

"అగుపడతన్నానేటి?" అన్నాడు నీరసంగా.

"నువ్వు అగుపడ్డం లేదు మావా," అంది కాసులమ్మ మేడ మీంచి. "నీకు మిగిలిన ఆ ఒక్క ఊపిరితిత్తే, పొగై పైకి లేస్తంది."