అరుపు లేని గెంతు

తొలకరి పడగానే మడుగు దగ్గర కప్పలకు గెంతుల పోటీ. ముందు బెకబెకమని అరిచినవాళ్లే గెంతాలని రూలు. ఆడకప్పలకు మాటలే గాని ఆ అరుపు రాదు. అందుకే ఏ ఆడకప్పా ఎన్నడూ గెంతలేదు.

ఈసారి చినుకి అనే ఆడకప్ప వరుసలో నిలబడింది. అప్పటికే గెంతిన మగకప్పలన్నీ మడుగు దాటలేక నీళ్లలో పడ్డాయి. తనూ పడితే ఇక ఏ ఆడకప్పనీ ఇటు రానివ్వరు.

"అరవవే, విందాం!" అంది పెద్ద గోదురుకప్ప.

చినుకి నోరు తెరిచింది. ఉత్త గాలి వచ్చింది. అందరూ పడీపడీ నవ్వారు. ఆ నవ్వుల్లోనే అది కళ్లు మూసుకుని గెంతింది. తెరిచేసరికి అవతలి గట్టున ఉంది.

"అరవకుండా గెంతితే చెల్లదు!" అంది గోదురుకప్ప.

"సరే తాతా," అంది చినుకి. "అరిచినవాళ్లని ఇక్కడిదాకా వచ్చి ఆ మాట చెప్పమను."

ఇవతలి గట్టు మీద ఒక్క బెకబెకా వినపడలేదు.