ఇస్సాకు పిలక

రేపు నరసాపురం కాలువలో కొడుక్కి బాప్తిస్మం అనగా, సత్తెయ్య వాడి తలపాగా లాగేశాడు. లోపల దాచిన పిలక బయటపడింది.

"ఏంట్రా ఇస్సాకూ ఇది? యేసును నమ్ముకున్నవాడు పిలక తీసేయాలని తెలీదా? బాప్తిస్మమిచ్చే పాదిరి దొరగారికి నా మొహం ఎలా చూపించమంటావ్?" అంటూ కత్తెర తీసి, పిలక ఒడిసి పట్టుకున్నాడు.

"ఉండు నాన్నా. నీ పిలక ఎవరు కోశారు?"

"ఎవరో కోసేదేంటి? పేటంతా చూస్తుండగా నేనే కోసుకున్నా. మా అయ్య చెయ్యి పట్టుకుని ఆపినా ఆగలేదు."

"నాది మాత్రం నాకు ఊహ తెలియకముందు నుంచీ నువ్వే కోస్తున్నావు. బాప్తిస్మానికి రోజు కూడా నువ్వే పెట్టేశావు. నన్నెవరైనా అడిగారా?"

"నిన్నడగాలా, పెద్ద మొనగాడివి!"

అరిచాడేగాని సత్తెయ్య చేతిలో కత్తెర కదల్లేదు. ఆనాడు అయ్య తన చెయ్యి ఎంత గట్టిగా పట్టుకున్నాడో, ఇప్పుడు తానూ కొడుకు పిలకని అంతే గట్టిగా పట్టుకుని ఉన్నాడు.

పిలక వదిలేసి, కత్తెర విసిరికొట్టి గుమ్మం దిగాడు.

"ఈ ఎండలో ఎక్కడికయ్యా?" అంది భార్య వీరమ్మ.

"దొరగారి దగ్గరికే. రేపు మావాడు నీళ్లలో దిగడండీ, ఈ ఇంట్లో నమ్ముకున్నది ఇంకా నేనొక్కణ్ణేనండీ అని చెప్పి చావాలి కదా!"