హాస్కెల్ ఎక్కని కంప్యూటర్

“అక్కడ ఉందంటుంది, ఇక్కడ లేదంటుంది. దీనికి నా మీద ఏం పగో తెలీదు,” అన్నాడు సీనియర్, కంప్యూటర్ మీంచి కళ్లు తిప్పకుండా.

మందుల షాపులో డ్యూటీకి బయల్దేరుతున్న ఆయన భార్య, ఆయన తెరిచి వదిలేసిన బీరువా తలుపు మూసింది. షేవింగ్ క్రీముకు మూత పెట్టింది. బాత్‌రూమ్‌లో కారుతున్న కుళాయి కట్టేసి వచ్చింది. తెరిచింది మూయడమన్నది ఆయన ఇంటా వంటా లేదు.

సీనియర్ అన్నది ఆఫీసువాళ్లు పెట్టిన పేరు. తన అనుభవం చూసే పెట్టారని ఆయన నమ్మకం. కొత్త ప్రాజెక్టుకు హాస్కెల్ అనే ప్రోగ్రామింగ్ భాష కావాలని బాస్ చెప్పగానే, అదేమిటో తెలియకపోయినా ముందుగా చెయ్యెత్తింది ఆయనే. రెండో చెయ్యి నిన్నగాక మొన్న చేరిన జూనియర్ అమ్మాయిది. ఇద్దరిలో ఎవరు సొంత కంప్యూటర్లో హాస్కెల్ ఎక్కించి, ఈరోజు ఆన్‌లైన్ మీటింగులో నడిపి చూపిస్తే వాళ్లే టీమ్ లీడ్. ఈసారి కూడా ఆ పదవి చేజారితే, తాను పని నేర్పినవాళ్ల కిందే పనిచెయ్యాలి. అది తల్చుకుంటేనే ఆయనకు ఏడుపొస్తోంది.

ఆ అమ్మాయి పోటీ అవుతుందని మాత్రం ఆయన అనుకోలేదు. నిన్న సాయంత్రం ఆమె కంప్యూటర్ మొరాయిస్తే, ఈయనే ఇంట్లో కూర్చుని, తన కంప్యూటర్లో కమాండ్లు టైపు చేసే నల్ల కిటికీ తెరిచి, ఇంటర్నెట్ మీదుగా ఆమె కంప్యూటర్ లోపలికి వెళ్లి బాగుచేశాడు. ఆ ఊపులోనే తన పనికీ దిగాడు.

తీరా చూస్తే, నల్ల కిటికీలో హాస్కెల్ చక్కగా ఎక్కింది. ప్రోగ్రాములు రాసే ఎడిటర్ తెరిస్తే మాత్రం, ఈ కంప్యూటర్లో అలాంటి భాషే లేదంది. మళ్లీ ఎక్కించబోతే, ఇప్పటికే ఉంది కదా అంది నల్ల కిటికీ. పీకేసి మళ్లీ మొదట్నుంచీ ఎక్కించాడు. ఇంటర్నెట్‌ను తిట్టాడు, ఎడిటర్ తయారుచేసినవాళ్లను తిట్టాడు, చివరికి కుర్చీ కూడా మార్చి చూశాడు. ఎడిటర్ మాట మార్చలేదు.

“ఒకసారి ఆపి మళ్లీ వెయ్యకూడదూ?” అంది భార్య.

ఇంత సర్వీసున్నవాడికి చెప్పే సలహానా అది అని ఆయన నొచ్చుకున్నాడు. హాస్కెల్ అన్ని భాషల్లాంటిది కాదని, అవసరం నెత్తిమీదికొచ్చేదాకా ఏ లెక్కా చెయ్యకుండా కూర్చోవడమే దాని గొప్పతనమని ఆవిడకు వివరించాడు.

“ఆ విద్య మీరు ఇంకొకరి దగ్గర నేర్చుకోవాలా?” అందావిడ, బ్యాగు సర్దుకుంటూ.

ఇంతలో జూనియర్ నుంచి ఫోన్ వచ్చింది.

“సార్, నాది రెడీ. నిజంగా నేనేం చెయ్యలేదు సార్. మొదలుపెడదామని తెరిస్తే అన్నీ ఉన్నాయి.”

ఏమీ చదవలేదంటూనే ఫస్టొచ్చే రకాన్ని ఆయన బడి రోజుల్లోనే చూశాడు. ఒళ్లు మండింది.

“అదంతా నీ కష్టమేనమ్మా,” అన్నాడు పెద్దరికంగా.

మీదెంతవరకూ వచ్చిందని ఆమె అడిగితే, దాదాపు అయిపోయిందని చెప్పి ఫోన్ పెట్టేశాడు. అందరి ముందూ తెల్లమొహం వెయ్యడం కంటే, పెద్దమనిషిలా తప్పుకోవడమే మేలనిపించింది. టీమ్ లీడ్‌గా ఆ అమ్మాయే తగినదని, తాను మనస్ఫూర్తిగా పక్కకు జరుగుతున్నానని బాస్‌కు మెసేజ్ పెట్టాడు. సరేనంటూ పైకెత్తిన బొటనవేలి బొమ్మ తక్షణం వచ్చేసింది. ఆయన మెసేజ్‌కి బాస్ అంత త్వరగా జవాబివ్వడం అదే మొదటిసారి.

ఆయన కళ్లు చెమర్చాయి. అది చూసి భార్య బ్యాగు కింద పెట్టి, భుజం మీద చెయ్యేసింది. పోనివ్వండి, భాషలు ఇంకా బోలెడు వస్తాయని ఓదార్చింది. దీన్ని కూడా నేనే మూసి వెళ్తానంటూ మౌస్ నల్ల కిటికీ మీదికి జరిపి, ఆగింది. కళ్లజోడు సవరించుకుని కిటికీ పై అంచున ఉన్నది చదివింది.

“ఏమండీ, దీని మీద ఆ అమ్మాయి పేరుందేంటి?”