ఓవెన్ మీద విచారణ

“ఒక్క వాయికి రెండు యూనిట్లు దాటిందంటే ఈ పెట్టె ఇంట్లో ఉండడానికి వీల్లేదు,” అంది అత్తగారు, కొత్త మీటరు డబ్బా బల్ల మీద పెడుతూ. “నా మాటా కాదు, మీ మాటా కాదు. మీటరు మాట.”

అరచేతిలో ఇమిడే తెల్లటి మీటరు అది. గోడ ప్లగ్గులో దాన్ని గుచ్చి, దానికి ఓవెన్ వైరు తగిలిస్తే ఎంత కరెంటు లాగిందో అంకెల్లో చూపిస్తుంది. అత్తగారే స్వయంగా వెళ్లి కొనుక్కొచ్చింది.

కోడలు పనిచేసే బేకరీ మూతపడింది. వెళ్లిపోతూ యజమాని పాత ఓవెన్ ఒకటి ఆమెకిచ్చాడు. ఇంట్లోనే బ్రెడ్ కాల్చి అమ్ముకోవాలని ఆమె ఆశ. వంటింట్లోకి వచ్చిన రోజు నుంచీ ఆ ఓవెన్ అత్తగారికి కంట్లో నలుసైంది. దానికోసం గిన్నెల బీరువా జరపాల్సొచ్చిందని ఒక బాధ, కరెంటు బిల్లు కొండెక్కుతుందని మరో బాధ. పాత సామాన్ల వ్యాపారి ఒకసారి వచ్చి, చుట్టూ తిరిగి చూసి, తీసుకెళ్తానని చెప్పి వెళ్లాడు కూడా. కోడలి భర్త మాత్రం “అమ్మా నువ్వూ తేల్చుకోండి” అని తన బస్సు డ్యూటీకి వెళ్లిపోయాడు.

మీటరు చూసే పని మామగారు తీసుకున్నాడు. రైల్లో గార్డుగా చేసి రిటైరైన మనిషి. ఓవెన్ వెనక గోడకి ఉంది ప్లగ్గు. వంగి, మెడ పక్కకి తిప్పితే తప్ప అంకెలు కనపడవు.

“మీకు నడుం నొప్పి కదా మామయ్యా, నేను చూస్తాను,” అంది కోడలు.

“నువ్వు ముద్దాయి తరఫు. చూడకూడదు. వెళ్లి పిండి సంగతి చూసుకో.”

మొదటి బ్రెడ్ ఓవెన్లోకి వెళ్లింది. కోడలికి కాళ్లు ఒకచోట నిలవడం లేదు. కాసేపటికి అత్తగారు ముక్కు ఎగబీల్చింది.

“ఏదో మాడుతోంది.”

కోడలు పరుగున వెళ్లి తలుపు తీసి చూస్తే బ్రెడ్ బంగారు రంగులో పొంగి, ముద్దుగా ఉంది.

“మాడలేదు అత్తయ్యా.”

“అయితే నా ముక్కుదే తప్పేమో,” అంది అత్తగారు. ఓ ముక్క తుంచుకుని నోట్లో వేసుకుంది. ఇంకో ముక్క తుంచుకుంది.

మామగారు ఓవెన్ వెనకనుంచి లేచి, కళ్లజోడు తుడుచుకుంటూ ప్రకటించాడు. “రెండుకి కాస్త అటూ ఇటూ ఊగుతోంది. ఒక్కరోజు చూసి చెప్పేది కాదిది.”

“సరే, రేపు కూడా చూడండి,” అంది అత్తగారు.

మర్నాడు కోడలు బన్నులు చేసింది. మామగారు మళ్లీ వంగాడు, మళ్లీ లేచాడు. “బన్నుల లెక్క వేరు. వీటిని దానితో కలపకూడదు.”

“అయితే రేపు మళ్లీ బ్రెడ్డే పెట్టమనండి,” అంది అత్తగారు. “నిన్నటిదాంట్లో ఉప్పు తగ్గింది. అన్నీ సరిగ్గా పడితేనే కదా కొలత సరిగ్గా వచ్చేది.”

కోడలు ఉప్పు సరిచేసింది. ఆ తర్వాతి రోజు పిండి ఇంకాసేపు నాననిచ్చింది. వాన పడితే ఒకలా, ఎండ కాస్తే ఒకలా చూపిస్తోందని మామగారు, అలాగైతే ఇంకో వారం చూడాల్సిందేనని అత్తగారు. చేసిన బ్రెడ్ పారేయలేక మామగారు ఎదురింటి మంగలికి ఓ ముక్క ఇచ్చాడు. మంగలి గడ్డం గీయించుకోవడానికి వచ్చినవాళ్లకి రుచి చూపించాడు. వాళ్లలో ఒకాయన ఆ సబ్బు ముఖంతోనే వచ్చి ఇంకా ఉందా అని అడిగాడు.

పాత సామాన్ల వ్యాపారి తోపుడు బండితో దిగేసరికి కోడలు పిండి చేతులతోనే పరుగెత్తుకొచ్చింది. అత్తగారు గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

“విచారణ ఇంకా నడుస్తోంది నాయనా. తేలాక కబురు పెడతాను.”

“ఓవెన్‌కి విచారణేంటమ్మా?”

“అది మా ఇంటి సంగతి,” అని అతని చేతిలో ఓ బన్ను పెట్టి పంపేసింది.

చివరికి ఓ పొద్దున వీధి మలుపులో కాఫీ కొట్టు నడిపే ఆవిడ వచ్చింది. మంగలి దగ్గర తిన్నదట. “అమ్మాయ్, రోజూ పొద్దున్నే నాకు బ్రెడ్ ఇవ్వగలవా? ఇవాళ ఉండి రేపు లేదంటే మాత్రం కుదరదు.”

కోడలు అత్తగారి వంక చూసింది. అత్తగారు మామగారి వంక చూసింది.

“ఏమండీ, కొలత తేలిందా?”

మామగారు ఓవెన్ వెనక్కి వంగాడు. ఈసారి చాలాసేపు లేవలేదు. లేచి గొంతు సవరించుకుని, “తేలింది. రెండుకి ఒక్క పిసరు తక్కువ,” అన్నాడు.

“అయితే మరి నేను చేసేదేముంది,” అంది అత్తగారు. “మీటరు మాటే నా మాట అన్నానుగా.”

కోడలు ఏడ్చేసింది, నవ్వేసింది. మామగారు నడుం పట్టుకుని కుర్చీలో కూలబడ్డాడు.

వారం తిరిగేసరికి కోడలు నిద్రలో కూడా పిండి పిసుకుతోందని భర్త ఎగతాళి చేయడం మొదలుపెట్టాడు. అత్తగారు గిన్నెల బీరువాని తానే ఇంకాస్త పక్కకి జరిపించి, బ్రెడ్లు చల్లారబెట్టడానికి చోటు చేసింది.

ఓ సాయంత్రం కాఫీ కొట్టు ఆవిడ కబురు పెట్టింది. వాళ్ల పాత ఫ్రిజ్ కరెంటు తెగ తాగుతోందని అనుమానమట, మీటరు ఓ రోజు ఇస్తే చూసుకుంటుందట. మామగారు షికారుకి వెళ్లాడు. కోడలు ఓవెన్ వెనక చెయ్యి పెట్టి వెతికింది. వైరు నేరుగా గోడ ప్లగ్గులోనే ఉంది. అలమరలో చూసింది. అక్కడా లేదు.

“అత్తయ్యా, మీటరు ఎక్కడ పెట్టారు?”

అత్తగారు బ్రెడ్ కోస్తూ, తల తిప్పకుండానే చెప్పింది.

“అది మొదటిరోజే కాలిపోయింది.”